సాకేత్‌లో రెండు హీట్ పంపులు

రిటైరైనవాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలు నేను చాలా చదివాను. వాటిలో తోటి ఉద్యోగులంతా దేవుళ్ళు, పై అధికారులంతా కన్నతండ్రులు. ఎవరూ ఎవర్నీ చూసి కుళ్ళుకోరు. ఏసీలు బిగించడంతో మొదలుపెట్టి హీట్ పంపులతో ఉద్యోగం ముగించిన నేను మీకు ఆ అబద్ధం చెప్పదలుచుకోలేదు. నాకు ఒక మనిషిని చూస్తే కడుపు మండేది. ఏళ్ళ తరబడి మండింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి నాలుగు అనుభవాలు చెప్పమని అడిగారు కాబట్టి చెబుతున్నాను గానీ, ఆ మంటని పక్కనపెట్టి హీట్ పంపు గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

మా కంపెనీ ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో ఉండేది. ఇళ్ళకీ చిన్న ఆఫీసులకీ ఏసీలు అమ్మి, బిగించి, మరమ్మతులు చేసేవాళ్ళం. నేను గోదావరి వైపు నుంచి డిప్లొమా పట్టుకుని వచ్చాను. నేను చెప్పిన ఆ మనిషి నా తర్వాత కొన్నేళ్ళకి కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. వర్క్‌షాపు మొత్తంలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. అందుకని అందరూ మమ్మల్ని అన్నదమ్ముల కింద జమకట్టేశారు. అతను నన్ను అన్నా అని పిలిచేవాడు. రాగి గొట్టాలు అతకడం అతనికి నేర్పింది నేనే. మంట ఎంత ఉండాలో, గొట్టం ఏ రంగుకి వచ్చాక కడ్డీ ఆనించాలో చెయ్యి పట్టుకుని చూపించాను. ఏడాది తిరిగేసరికి అతని అతుకులు నావాటికంటే నునుపుగా రావడం మొదలైంది. నా కుళ్ళు కూడా అప్పుడే మొదలైంది.

పనితనం ఒక్కటే అయితే ఓర్చుకునేవాణ్ణేమో. జనం కూడా అతన్నే కోరుకునేవారు. నేను గుమ్మంలోకి వెళ్ళగానే, వో దూస్‌రే వాలే భాయీసాబ్ నహీ ఆయే అని అడిగేవారు. ఆ రెండోవాడు రాలేదా అని అడిగించుకుంటూ నిచ్చెన ఎక్కడం ఎలా ఉంటుందో మీకు తెలియదు. అతను గుమ్మం దగ్గర చెప్పులు విప్పేవాడు. వాళ్ళిచ్చిన టీ తాగేవాడు. పిల్లవాడి పరీక్షలెలా రాశాడని అడిగేవాడు. నేను వెళ్ళి, బిగించి, సంతకం పెట్టించుకుని వచ్చేసేవాణ్ణి. పని పూర్తవడమే మర్యాద అని నా లెక్క. ఒక ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి ఢిల్లీ అశోకా రోడ్‌లో మన తెలుగు భోజనం పెట్టే క్యాంటీనుకి వెళ్ళాం. మా ఆవిడకి గోంగూర పచ్చడి ఇష్టమని గమనించి, అతను వడ్డించేవాణ్ణి పిలిచి ఆవిడకి ఇంకోసారి వేయించాడు. తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో మా ఆవిడ, ఆయన ఎంత కనిపెట్టి ఉంటారో చూశారా అంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు గోంగూర సంగతి తెలియదనేగా ఆ మాటకి అర్థం. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మధ్యాహ్నం ఎక్కువ తిన్నానని చెప్పాను.

ఇలా ఉండగా మా కంపెనీ ఇళ్ళకి హీట్ పంపులు బిగించే పని చేపట్టింది. ఏసీ ఇంట్లోని వేడిని తోడి బయట పోస్తుంది. హీట్ పంపు చలికాలంలో అదే పని తిరగేసి చేస్తుంది. బయటి చలిగాలిలో ఉన్న కాస్త వేడినీ తోడి ఇంట్లోకి తెస్తుంది. వేసవిలో మామూలు ఏసీలాగే పనిచేస్తుంది. ఢిల్లీలో రెండు కాలాలూ గట్టివే కాబట్టి ఇది బాగా అమ్ముడుపోతుందని మా జనరల్ మేనేజర్ నమ్మకం. దీనికోసం విడిగా ఒక విభాగం పెడతాననీ, మా ఇద్దరిలో ఒకరిని ఇన్‌ఛార్జిని చేస్తాననీ, రెండోవాడు అతని కింద పనిచెయ్యాలనీ ఆయన చెప్పేశాడు. నా రిటైర్‌మెంటు దగ్గరపడింది. ఇంకో అవకాశం రాదు. చెయ్యి పట్టుకుని నేర్పినవాడి దగ్గరికి వెళ్ళి రేపు సెలవు కావాలని అడిగే రోజు వస్తుందా అన్న ఆలోచనకే నాకు ఒళ్ళు చల్లబడింది.

మొదటి ఇళ్ళు రెండూ దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌లో ఒకే బిల్డింగులో దొరికాయి. మొదటి అంతస్తులో కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే ఒక తెలుగు ఆఫీసరు కుటుంబం. ఆఫీసరుగారి భార్యది విజయవాడ. ఢిల్లీకి వచ్చి ఎన్నేళ్ళయినా చలి మాత్రం ఆవిడకి అలవాటు కాలేదు. జనవరి వస్తే పుట్టింటికి వెళ్ళిపోయేదట. ఆ ఏడు కూతురు పన్నెండో క్లాసు కావడంతో వెళ్ళడానికి లేదు. ఈ ఒక్క జనవరీ ఇంట్లో శాలువా లేకుండా తిరగాలని ఉందండీ, అదే నా కోరిక అని ఆవిడ నాతో అంది. రెండో అంతస్తులో ఒక పంజాబీ ఆంటీ. కింద ఏదో కొత్త మిషన్ వస్తోందని తెలిసిన మర్నాడే ఆవిడ కూడా ఆర్డరిచ్చింది. దానితో అవసరం ఉందో లేదో గానీ, కిందివాళ్ళకి ఉండి తనకి లేకపోవడం ఆవిడ భరించలేకపోయింది. ఆవిడ మీద నాకు వెంటనే గౌరవం కలిగింది.

ఎవరు ఏ అంతస్తు తీసుకుంటారని జనరల్ మేనేజర్ అడగగానే, అతను నోరు తెరిచేలోపు నేను మొదటి అంతస్తు అన్నాను. తెలుగువాళ్ళ ఇల్లు కదా అన్నాను. అసలు కారణం అది కాదు. బయట పెట్టే యూనిట్లు రెండూ బిల్డింగు వెనక గాలి కోసం వదిలిన ఒకే ఇరుకు షాఫ్టులో, ఒకదాని పైన ఒకటి వస్తాయి. ఏసీలు బిగించినవాడెవడికైనా తెలుసు, కింది యూనిట్ వదిలే వేడిగాలి పైకి లేచి పై యూనిట్‌ని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. కింద నేనుంటే నా గాలి అతన్ని బాధపెడుతుంది గానీ అతని గాలి నా జోలికి రాదు. ఇంతా ఆలోచించి కింది అంతస్తు అడిగి మరీ తీసుకున్నాను. అతను సరే అన్నా అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం కూడా నాకు నచ్చలేదు.

బిగించడం ఇద్దరం బాగానే చేశాం. మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను, దానికి సొంత ఎంసీబీ స్విచ్చి. పాత బిల్డింగు కావడంతో ఎర్తు నమ్మకంగా లేదు, అందుకని కొత్త ఎర్తు వైరు లాగాం. లోపలి యూనిట్ నుంచి నీళ్ళు పోయే గొట్టానికి వాలు చక్కగా ఇచ్చాం. ఒక్కో మిషన్ అట్టపెట్టెలో ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క కూడా వచ్చింది. బయటి యూనిట్ అడుగున బిగించి, నీళ్ళు పోయే పైపు తగిలించుకోవడానికి అది. బయటి యూనిట్ నుంచి నీళ్ళు కారడం మా జన్మలో చూడలేదు. ఏసీలో నీళ్ళు లోపలే కదా వస్తాయి. నేను దాన్ని పెట్టెతో పాటే పారేశాను. అతను పనికొస్తుందేమోనని టూల్ బ్యాగులో వేసుకున్నాడు. బిగించడం మాత్రం అతనూ బిగించలేదు.

డిసెంబరంతా రెండు ఇళ్ళూ వెచ్చగా ఉన్నాయి. జనవరి వచ్చింది, పొగమంచు దిగింది. నా మిషన్ మొరాయించింది. చలి బాగా ఉన్నప్పుడు బయటి యూనిట్ మీద కాస్త మంచు కట్టడం మామూలే. అప్పుడు మిషన్ తనంతట తాను ఆగి, కొంచెంసేపు ఏసీలాగా తిరగేసి నడిచి, ఆ మంచు కరిగించుకుని మళ్ళీ వేడి ఇస్తుంది. కొత్తగా కొన్నవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే మిషన్ పాడైందని ఫోను చేస్తారు. కానీ నా మిషన్‌కి ఇదే పనైపోయింది. మంచు కరిగించుకోవడం, కాసేపు నడవడం, మళ్ళీ మంచు కట్టించుకోవడం. పొద్దుటిపూట ఇల్లు వేడెక్కడమే లేదు. పై ఆంటీ పల్చటి సల్వార్ కమీజ్ వేసుకుని కిందికొచ్చి, మాకైతే ఫ్యాన్ వేసుకోవాలనిపిస్తోందని చెప్పి వెళ్ళేదట. మా విజయవాడ ఆవిడ శాలువా మీద రజాయి కప్పుకుని కూతురికి కాఫీ కలిపేది.

నేను ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. గ్యాస్ చూశాను, సెన్సర్ మార్చాను, వైర్లన్నీ విప్పి మళ్ళీ బిగించాను. ఫరీదాబాద్ నుంచి బయల్దేరి అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఎండ వచ్చేది. మిషన్ నా ముందు బుద్ధిమంతురాలిలా నడిచేది. జనరల్ మేనేజర్ ఆ వారమే రెండు ఇళ్ళూ చూడటానికి వస్తున్నాడు. చూశాక నిర్ణయిస్తాడు. అలాంటి సమయంలో ఆవిడ చాలా మర్యాదగా అడిగింది.

"ఏమీ అనుకోకండి. పై అంతస్తులో బిగించారే, ఆయన్ని ఒకసారి పంపిస్తారా?"

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటానండీ. తెలుగావిడ, నా వైపు యాసే. ఎవరడిగినా ఆవిడ అడగదనుకున్నాను. నేను పంపుతానని చెప్పి పంపలేదు. ఆవిడ పై ఆంటీ దగ్గర నంబరు తీసుకుని తనే పిలిపించుకుంది. ఆ సాయంత్రం అతను నాకు ఫోను చేశాడు.

"అన్నా, కింది మేడమ్ పిలిచింది. నీ మిషన్ నువ్వు లేకుండ నేను ముట్ట. పొద్దుగాల్నే రా, మంచు ఉన్నప్పుడే చూద్దాం."

పొద్దున్నే వెళ్ళి చూడాలని నాకెందుకు తోచలేదని నన్ను అడక్కండి. అతనికి తోచింది. తెల్లారకముందే లేచి, చలిలో వణుకుతూ, అతన్ని తిట్టుకుంటూ వెళ్ళాను. జనరల్ మేనేజర్ ఇళ్ళు చూడటానికి వచ్చేది కూడా ఆ రోజే. ఎదుటి మనిషి కనబడనంత పొగమంచు. అతను అప్పటికే షాఫ్టు పక్కనున్న ఇనుప మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నా యూనిట్ వెనకవైపు పైనుంచి కిందికి తెల్లగా గడ్డకట్టింది. మామూలు మంచు పల్చగా, సమంగా పడుతుంది. ఇది పైన మందంగా, కింద పల్చగా ఉంది. ఎందుకిలా అని వంగి చూస్తున్నాను, నా మెడ మీద చల్లటి నీళ్ళు పడ్డాయి. తలెత్తి చూశాను. అతని యూనిట్ ఆగి మంచు కరిగించుకుంటోంది. ఆ నీళ్ళన్నీ తిన్నగా నా యూనిట్ మీద పడుతున్నాయి. పడినవి పడినట్టే గడ్డకడుతున్నాయి. కాసేపటికి అతనిది మళ్ళీ నడవడం మొదలైంది. అప్పుడు చల్లటి గాలి మీద పడింది. చలికాలంలో ఈ మిషన్లు బయటికి వదిలేది చల్లగాలి. అది పైకి లేవదు, కిందికి దిగుతుంది. నా మిషన్ పొద్దుటిపూటంతా ఆ గాలే పీల్చుకుంటోంది. తెలివిగా అడిగి తీసుకున్న చోటు అది.

అయినా ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. ఎంత సంతోషమంటే మెడ మీద నీళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాను. తప్పు అతనిది. అన్నేళ్ళలో మొదటిసారి తప్పు అతనిది. జనరల్ మేనేజర్ వచ్చేసరికి ఇక్కడే నిలబెట్టి, తల పైకెత్తించి చూపించాలనుకున్నాను. ఏమనాలో మాటలు కూడా కూర్చుకుంటున్నాను. ఈలోగా అతను టూల్ బ్యాగులో చెయ్యి పెట్టి ఆ ప్లాస్టిక్ ముక్క తీశాడు.

ఆగు, సార్ వచ్చి చూశాక చేద్దాం అన్నాను.

"సార్ వచ్చేదాక ఆమె చలిల కూసోవాల్నా అన్నా?" అని పైకెక్కాడు.

అతను పైన పైపు బిగిస్తుంటే నేను కింద చేతులు కట్టుకుని నిలబడలేను కదా. నా యూనిట్‌ని అతని గాలి తగలకుండా షాఫ్టు అవతలి గోడకి జరపాలి. అందుకు రాగి గొట్టం పొడుగు పెంచాలి. మంట వెలిగించి అతుకులు నేను వేశాను. అవి నునుపుగానే వచ్చాయని మనవి. పైన అతను ఒక రేకు వంచి, తన గాలి బయటివైపుకి పోయేలా బిగించాడు. ఇద్దరం పనిలో పడ్డాక చలి సంగతి తెలియలేదు. జనరల్ మేనేజర్ వచ్చేసరికి ఎండ పొడ వచ్చింది. నీళ్ళు పైపులోంచి పోతున్నాయి. నా మిషన్ హాయిగా నడుస్తోంది. ఇంక చూపించడానికేమీ మిగల్లేదు. మాటతోనైనా చెబుదామని గొంతు సవరించుకున్నాను.

ఆ మాట కూడా నాకు దక్కలేదు. రెండు ఇళ్ళ ఆడవాళ్ళూ, మొదటి అంతస్తు ఆఫీసరుగారూ, జనరల్ మేనేజరూ అందరూ నిలబడి ఉండగా అతనే హిందీలో చెప్పేశాడు. పైన నీళ్ళు పోయే దారి నేను పెట్టలేదు సార్, ఆ నీళ్ళు పడి కింది మిషన్ ఇన్నాళ్ళూ పనిచెయ్యలేదు, కిందిదాంట్లో ఏ లోపమూ లేదు అన్నాడు. తడబడలేదు. తల దించుకోలేదు. ఇవాళ ఆలస్యంగా వచ్చాను అన్నంత మామూలుగా అన్నాడు. వింటున్న నలుగురి మొహాల్లోనూ అతని మీద గౌరవం పెరగడం నేను కళ్ళారా చూశాను. తప్పు చేసినవాడు అతను, నెగ్గినవాడూ అతనే. నా తప్పొకటి దొరికినా బాగుండునని, అలా చెప్పుకుంటే నన్నూ అలా చూస్తారేమోనని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. పారేసిన ప్లాస్టిక్ ముక్క గుర్తొచ్చింది కూడా. కానీ నా నీళ్ళు ఎవరి మీదా పడలేదు, కింద కాలవలో పడ్డాయి. చెప్పినా ఎవరికీ పట్టదు.

మధ్యాహ్నానికి విజయవాడ ఆవిడ శాలువా తీసి కుర్చీ మీద వేసింది. ఫిల్టర్ కాఫీ ఇచ్చింది. ముందు కప్పు అతనికి ఇచ్చింది. కూతురు గదిలోంచి వచ్చి, అంకుల్, అబ్ తో గర్మీ లగ్ రహీ హై, ఇప్పుడు ఉక్కపోస్తోంది అని నవ్వింది. ఆ నవ్వు కూడా అతని వైపు చూస్తూనే.

తిరిగి వెళ్ళేటప్పుడు జనరల్ మేనేజర్ నన్ను తన కార్లో ఎక్కించుకున్నాడు. బదర్‌పుర్ దాటాక అడిగాడు, నిజం చెప్పు, ఇన్‌ఛార్జి ఎవరైతే బాగుంటుందని. ఇద్దర్నీ విడివిడిగా అడుగుతున్నానని కూడా అన్నాడు. నేను మొహమాటపడలేదు. నేనే అన్నాను. నా సీనియారిటీ చెప్పాను. అతనికి పని నేర్పింది నేనని చెప్పాను. ఇవాళ్టి తప్పు ఎవరిదో మీరే విన్నారు కదా అని కూడా గుర్తుచేశాను. ఆయన అచ్ఛా అచ్ఛా అంటూ దారి వైపు చూస్తూ నడిపాడు. ఆ అచ్ఛాల్లో నాకేమీ ఆశ కనబడలేదు. ఇంటికి వెళ్ళి మా ఆవిడతో, ఇక తమ్ముడి కింద పనిచెయ్యడం నేర్చుకోవాలేమో అన్నాను.

మర్నాడు జనరల్ మేనేజర్ అతన్నీ పిలిచి అడిగాడు. ఆ తర్వాతి రోజు ఆర్డరు నా పేరుతో వచ్చింది.

నేను మిల్క్ కేక్ కొన్నాను. వర్క్‌షాపంతా పంచాను. చాలాకాలం తర్వాత ఆ రోజు నా కడుపులో మంట లేదు. ఓడిపోయినవాడి మీద జాలిపడటం ఎంత సుఖంగా ఉంటుందో కూడా తెలిసింది. జనరల్ మేనేజర్ గదిలోకి వెళ్ళి, ఆరోజు తన తప్పు తనే చెప్పుకున్నాడు కదా, పాపం అదే అతన్ని దెబ్బతీసిందా సార్ అని అడిగాను. ఆయన మిల్క్ కేక్ నములుతూ నవ్వాడు. అదేం లేదు, మీ ఇద్దరూ ఒకే పేరు చెప్పారు, నా పని తేలికైపోయింది అన్నాడు.

నేను చేతిలో డబ్బాతోనే వర్క్‌షాపులోకి వచ్చాను. అతను నేల మీద కూర్చుని రాగి గొట్టానికి ఫోమ్ తొడుగు ఎక్కిస్తున్నాడు. ఎందుకు నా పేరు చెప్పావని అడిగాను. నాకు కావలసిన జవాబు మనసులో ఉంది. సీనియర్‌వి అన్నా, నాకు పని నేర్పినవాడివి అన్నా అంటాడనుకున్నాను. అతను తలెత్తకుండా తొడుగు మీద టేపు చుడుతూ చెప్పాడు.

"నువ్వు నా కింద చెయ్యలేవన్నా. నేను నీ కింద చెయ్యగల్త. అందుకే చెప్పిన."

అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఏదైనా అనేవాణ్ణి. ఇన్నేళ్ళూ నా కడుపులో ఏముందో అతనికి తెలుసన్నమాట. తెలిసే అన్నా అని పిలిచాడు. నేను డబ్బా ముందుకి చాపాను. చెయ్యి ఖాళీ లేదని అతను నోరు తెరిచాడు, ఒక ముక్క నోట్లో పెట్టాను. బాగుందన్నా అని మళ్ళీ టేపు అందుకున్నాడు.

రిటైరయ్యేదాకా ఆ కుర్చీలో కూర్చున్నాను. అతను సెలవు కావాలంటే నా దగ్గరికే వచ్చి అడిగేవాడు, నేను సంతకం పెట్టేవాణ్ణి. అతని అతుకుల నునుపు చూసి, అతని కోసం అడిగే ఇళ్ళని చూసి కుళ్ళుకోవడం ఆ రోజుతో మానేశాను. నీ కింద చెయ్యగల్త అన్న ఆ మాట అంత మామూలుగా ఎలా అనగలిగాడా అని మాత్రం ఇప్పటికీ కుళ్ళుకుంటూనే ఉన్నాను.